ఇల్లు పోయింది... వంట పుస్తకం మిగిలింది

పారిస్‌కు పడమటి వైపు, సీన్ నది పక్కన పోర్ట్ మార్లీ అని ఓ ఊరుంది. 1844లో అక్కడ కొండవాలు మీద ఓ రచయిత స్థలం కొన్నాడు. ఇల్లు కట్టమని ఆర్కిటెక్ట్‌ను పిలిచాడు. ఆయన మట్టి చూసి పెదవి విరిచాడు. అదంతా బంకమన్ను, బరువు పడితే కుంగుతుంది, ఇక్కడ వద్దన్నాడు. రాయి తగిలేదాకా తవ్వించండి, ఆ గోతిలో రెండంతస్తుల సెల్లార్ వేసేద్దాం అన్నాడట యజమాని. అలాగైతే లక్షల ఫ్రాంకులు అవుతుందని ఆర్కిటెక్ట్ భయపెట్టబోతే, ఆమాత్రం కాకపోతే ఎలా అని నవ్వేశాడట.

నేను డిప్లొమా సివిల్ చేసి గల్ఫ్‌కు వచ్చి పన్నెండేళ్ళు దాటింది. పునాదుల దగ్గర నిలబడడమే నా ఉద్యోగం. ఇలాంటి ఓనరు దొరికితే కాంట్రాక్టరుకు పండగే. మాలాంటి సూపర్‌వైజర్లకు మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. ఎస్టిమేటు చూసి నవ్వేవాడి దగ్గర ఆఖరి బిల్లు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆ ఇంటి సంగతీ చివరకు అలాగే అయింది. కానీ ఆ యజమాని మామూలు మనిషి కాదు.

ఆయన పేరు అలెగ్జాండర్ డ్యూమా. ఇంగ్లీషులో చివర ఎస్ రాస్తారు గానీ ఫ్రెంచివాళ్ళు దాన్ని పలకరు. 'త్రీ మస్కిటీర్స్', 'కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో' నవలలు ఈయనవే. 1986లో వచ్చిన చిరంజీవి 'వేట' సినిమా గుర్తుంది కదా, దానికి ప్రేరణ ఈ మాంటీ క్రిస్టో కథే. ఇంతవరకూ చాలామందికి తెలుసు. ఆయన జీవితంలో చివరగా చేతపట్టిన పెద్ద పుస్తకం నవల కాదు, నాటకం కాదు, వేయి పేజీలు దాటిన వంటల నిఘంటువు అని మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది. మా రూములో ఆరుగురం, వంట వంతులవారీగా చేసుకుంటాం. పప్పులో ఉప్పెంత అని అడిగితే కూడా విసుక్కునే నేను, ఇంత పెద్ద నవలాకారుడు గరిటె ఎందుకు పట్టాడా అని ఆయన కథ వెతుక్కుని చదివాను. చదివిన కొద్దీ అది వంట కథలా కాక, సంపాదించి, పెట్టి, కట్టి, పోగొట్టుకున్న మన వాళ్ళ కథలా కనిపించింది.

నాయనమ్మ బానిస, తండ్రి జనరల్

డ్యూమా తాత ఒక ఫ్రెంచి జమీందారు వంశీకుడు. మార్క్విస్ అనే బిరుదు ఉన్నవాడు. కరీబియన్ సముద్రంలో సెయింట్ డొమింగో అనే ఫ్రెంచి వలస దీవికి (ఇప్పటి హైతీ) బతుకుతెరువుకు వెళ్ళాడు. అక్కడ మేరీ సెసెట్ అనే నల్లజాతి బానిస స్త్రీతో ఆయనకు పిల్లలు పుట్టారు. 1762లో పుట్టిన కొడుకు థామస్ అలెగ్జాండర్. ఆ పెద్దమనిషి తిరిగి ఫ్రాన్స్ పోవాలనుకున్నప్పుడు ఓడ ఖర్చులకు డబ్బు లేక, సొంత కొడుకునే పోర్టో ప్రిన్స్ రేవులో తాకట్టుకు అమ్మాడు. ఫ్రాన్స్ చేరాక 1776లో డబ్బు కట్టి విడిపించుకుని తన దగ్గరకు రప్పించుకున్నాడు. వీసా కోసం పొలం తాకట్టు పెట్టడం మన ఊళ్ళలో చూశాం, పుస్తెలతాడు తాకట్టు పెట్టడం చూశాం. టికెట్ కోసం కొడుకును పెట్టినవాడి గురించి మాత్రం నేను ఇదే మొదటిసారి చదవడం.

ఆ కుర్రాడు పెద్దవాడై 1786లో మామూలు సిపాయిగా సైన్యంలో చేరాడు. అంత చిన్న ఉద్యోగానికి మా వంశం పేరు వాడొద్దని తండ్రి అడ్డం తిరిగితే, తల్లి పేరులోని డ్యూమా అనే మాట తీసుకుని ఆ పేరుతోనే చేరాడు. ఏడేళ్ళు తిరిగేసరికి జనరల్ అయ్యాడు. ఫ్రెంచి విప్లవం రోజులు కాబట్టి అలాంటి ఎదుగుదల సాధ్యమైంది. 1797లో టిరోల్ కొండల్లో ఒక వంతెన మీద ఒంటరిగా నిలబడి శత్రువు గుర్రపు దళాన్ని ఆపాడని పేరు. తర్వాత నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్ళాడు. అక్కడ ఇద్దరికీ పడలేదు. 1799లో తిరిగి వస్తుంటే ఓడ పాడై ఇటలీ దక్షిణాన టారంటో రేవులో ఆగింది. అది నేపుల్స్ రాజు రాజ్యం. ఫ్రాన్స్‌కు శత్రువు. రెండేళ్ళు చెరసాలలో పెట్టారు. బయటికి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. కాలు ఈడుస్తూ, చెవి సరిగ్గా వినపడక ఇంటికి చేరాడు.

రచయిత డ్యూమా 1802 జులై 24న విల్లర్ కొటరే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పారిస్‌కు ఈశాన్యాన ఎనభై కిలోమీటర్లు ఉంటుంది. అదే ఏడాది నెపోలియన్ ఫ్రెంచి దీవుల్లో బానిసత్వాన్ని మళ్ళీ చట్టం చేశాడు. జనరల్ గారికి రావలసిన జీతం బకాయిలు ఇవ్వలేదు. 1806లో ఆయన కడుపు క్యాన్సర్‌తో పోతే భార్యకు పెన్షను కూడా ఇవ్వలేదు. పిల్లవాడికి అప్పటికి మూడున్నరేళ్ళు. యాజమాన్యం జీతం ఎగ్గొడితే ఇంట్లో ఏమవుతుందో ఇక్కడున్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తల్లి తరఫు తాత సత్రం నడిపినవాడు. తిండి మీద డ్యూమాకున్న ప్రేమ ఆ వైపు నుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం. చదువు అంతంతమాత్రం. ఊరి చుట్టూ పెద్ద అడవి. కుందేళ్ళు, పిట్టలు కొట్టుకొచ్చి ఇంట్లో ఇవ్వడం ఆ అబ్బాయికి సరదా కాదు, కూర. ఇరవై ఏళ్ళ వయసులో మొదటిసారి ఒక స్నేహితుడితో కలిసి పారిస్ చూడబోయాడు. దారి పొడవునా వేటాడిన కుందేళ్ళను, కౌజులను హోటలువాడికి ఇచ్చి గది అద్దె తీర్చాడని తర్వాత ఆయనే రాసుకున్నాడు.

1823లో పారిస్‌కు మకాం మార్చాడు. తండ్రి పాత స్నేహితుల చుట్టూ తిరిగాడు. జనరల్ ఫోయ్ అనే ఆయన ఏం వచ్చు అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. లెక్కలు రావు, లాటిన్ అంతంతే. కాగితం మీద చిరునామా రాస్తుంటే చూసి, దస్తూరి బాగుంది కాబట్టి నీకు పని దొరికింది అన్నాడు. అలా ఓర్లియన్స్ ప్రభువు ఆఫీసులో కాపీలు రాసే గుమాస్తా అయ్యాడు. జీతం ఏడాదికి 1,200 ఫ్రాంకులు. ఆ ప్రభువే తర్వాత 1830లో లూయీ ఫిలిప్ పేరుతో ఫ్రాన్స్‌కు రాజయ్యాడు.

లైనుకింత

గుమాస్తా పని అయ్యాక రాత్రుళ్ళు చదివాడు, రాశాడు. 1829 ఫిబ్రవరిలో ఆయన నాటకం 'మూడో హెన్రీ, అతని దర్బారు' పారిస్‌లోని అతి పెద్ద నాటకశాలలో ఆడింది. ఒక్క రాత్రిలో పేరొచ్చింది. ఉద్యోగం మానేశాడు. నాటకాల సంగతి ఇంతటితో వదిలేస్తాను. అవి ఇప్పుడు ఎవరూ పెద్దగా చదవడం లేదు.

అసలు డబ్బు దినపత్రికల్లో వచ్చింది. 1836లో పారిస్‌లో చవక ధర పత్రికలు మొదలయ్యాయి. చందా దాదాపు సగానికి తగ్గించారు. ఆ నష్టం ప్రకటనలతో పూడాలి, ప్రకటనలు రావాలంటే పాఠకులు కావాలి, పాఠకులు రోజూ కొనాలంటే కింది భాగంలో సీరియల్ కావాలి. మన వారపత్రికల సీరియళ్ళకు ముత్తాత అదే. డ్యూమా ఆ పనికే పుట్టినట్టు రాశాడు. 1844 మార్చి నుంచి జులై దాకా 'త్రీ మస్కిటీర్స్' వచ్చింది. అది అయిపోయిన కొద్ది వారాలకే ఇంకో పత్రికలో 'మాంటీ క్రిస్టో' మొదలై 1846 జనవరిదాకా నడిచింది. మధ్యలో వేరే నవలలు కూడా. ఒకే సమయంలో రెండు మూడు పత్రికలకు కథ అందించేవాడు.

పత్రికలు లైనుకింత అని ఇచ్చేవి. మా లైన్లో కొలత బిల్లులాగా అన్నమాట. ఎంత పొడుగు ఉంటే అంత డబ్బు. అందుకే ఆయన పాత్రలు ఒక్క మాటలో జవాబులు చెప్పుకుంటాయని, ఒక్క మాటైనా లైను కింద లెక్కేనని అప్పట్లోనే జోకులు పుట్టాయి. కొలత బిల్లు వేసేవాడు కాస్త సాగదీయడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఈ నవలల్లో తిండి ఎక్కడ చూసినా ఉంటుంది. 'త్రీ మస్కిటీర్స్'లో నలుగురు స్నేహితులు లా రోషెల్ యుద్ధంలో పందెం కాసి, శత్రువుల తుపాకులకు ఎదురుగా ఉన్న బురుజు మీద కూర్చుని టిఫిన్ చేస్తారు. అథోస్ ఒక సత్రం సెల్లార్‌లో తలుపులు బిగించుకుని యజమాని సారాయి, మాంసం అంతా ఖాళీ చేసి గానీ బయటికి రాడు. 'మాంటీ క్రిస్టో' చివర్లో ఇంకా గట్టి దెబ్బ ఉంది. హీరోని జైలుకు పంపిన వాళ్ళలో ఒకడు పెద్ద బ్యాంకరు అవుతాడు. వాణ్ణి దొంగలు పట్టుకుని ఆకలితో మాడ్చి, ఒక్క కోడికి లక్ష ఫ్రాంకులు అడుగుతారు. కడుపు కాలిన ఇంట్లో పెరిగినవాడికే ఇలాంటి శిక్ష తడుతుంది అనిపించింది నాకు. ఆ హీరో పద్నాలుగేళ్ళు సముద్రం మధ్య చెరసాలలో మగ్గడం వెనక టారంటోలో తండ్రి పడ్డ బాధ ఉందని చాలామంది అంటారు.

మారిషస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకు ఒక మాట. 1843లో డ్యూమా 'జార్జెస్' అని ఒక నవల రాశాడు. కథంతా మీ దీవిలోనే నడుస్తుంది. హీరో ఆయనలాగే మిశ్రమ జాతివాడు. రంగు చూసి చిన్నచూపు చూసిన తెల్ల దొరలకు ఎదురుతిరుగుతాడు. ఆయన నవలల్లో రంగు విషయం ఇంత సూటిగా వచ్చింది ఇందులోనే.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. ఇన్ని పేజీలు ఆయన ఒక్కడే రాయలేదు. ఆగస్ట్ మాకే అనే చరిత్ర మాస్టారు ఉండేవాడు. పాత పుస్తకాలు తిరగేసి కథ కూర్చడం, వరస వేయడం, మొదటి చిత్తు రాయడం ఆయన పని. దాన్ని తీసుకుని డ్యూమా మాటలు పోసి, పరుగు పెట్టించి, ప్రాణం పోసేవాడు. 'మస్కిటీర్స్', 'మాంటీ క్రిస్టో' రెండూ అలా పుట్టినవే. పుస్తకం మీద మాత్రం పేరు ఒక్కటే. డ్యూమా పేరుంటే పత్రిక అమ్ముడుపోతుంది, రెండు పేర్లుంటే ధర తగ్గుతుంది అని పత్రికల వాళ్ళే ఒప్పుకోలేదంటారు. మాకేకు డబ్బు ఇస్తానన్నాడు, కొంతకాలం బాగానే ఇచ్చాడు, తర్వాత బాకీ పడ్డాడు. విషయం కోర్టుకెక్కింది. 1858లో కోర్టు మాకేకు నవలల ఆదాయంలో వాటా ఉందని ఒప్పుకుంది, పేరు వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. డ్యూమా చేయి పడకపోతే ఆ చిత్తు ప్రతులు ఎవరూ చదివేవారు కాదు, నిజమే. అయినా బిల్డింగ్ ముందు బోర్డు మీద ఎవరి పేర్లుంటాయో, ఎవరివి ఉండవో రోజూ చూసేవాణ్ణి కాబట్టి నా మనసు మాకే వైపే ఉంది.

ఇందులో ఇంకో కోణం కూడా చెప్పాలి. 1845లో యూజీన్ ద మిర్కూర్ అనే అతను డ్యూమాది నవలల ఫ్యాక్టరీ అంటూ ఓ చిన్న పుస్తకం వేశాడు. అందులో విమర్శ కంటే ఆయన నలుపు మీద, జుట్టు మీద, నాయనమ్మ జాతి మీద తిట్లే ఎక్కువ. డ్యూమా కేసు వేస్తే రాసినవాడికి జైలుశిక్ష పడింది. మాకే బాధ న్యాయమైంది. ఇది న్యాయం కాదు.

పేరు పెట్టిన ఇల్లు

ఇక మళ్ళీ ఆ ఇంటి దగ్గరికి వద్దాం. ఆర్కిటెక్ట్ హిప్పొలైట్ డ్యురాన్. ఇంటి పేరు నవల పేరే, మాంటీ క్రిస్టో. బయట రాతి నగిషీలు, కిటికీల పైన గొప్ప రచయితల తలలు, చుట్టూ ఇంగ్లీషు పద్ధతి తోట. ఇంటికి కొంచెం దూరంలో నీటి కందకం మధ్యన రాసుకోవడానికి ఒక బుల్లి గోపురపు గది. దాని పేరు షటో దీఫ్. అంటే నవలలో హీరో మగ్గిన చెరసాల పేరు. ఆ గది గోడల రాళ్ళ మీద తను అప్పటిదాకా రాసిన పుస్తకాల పేర్లు చెక్కించుకున్నాడు.

1846లో ప్రభుత్వ పని మీద అల్జీరియా వెళ్ళిన డ్యూమా అక్కణ్ణుంచి తునిస్‌కు పోయాడు. అక్కడ జిప్సం మీద నగిషీ చెక్కే యూనిస్ అనే పనివాణ్ణి, అతని కొడుకును చూసి, అక్కడి ప్రభువును అడిగి మరీ ఫ్రాన్స్‌కు తెచ్చుకున్నాడు. మేడ మీద ఒక గది మొత్తం వాళ్ళిద్దరే చెక్కారు. గోడలు, కప్పు అంతా తెల్లటి అల్లిక పని. గల్ఫ్‌లో మసీదుల్లో, పెద్ద విల్లాల్లో మనం రోజూ చూసే పనే. పారిస్ పక్కన 1847లో అది వింత. ఇల్లు వదిలి ఎక్కడో పరాయి దేశంలో చలికి వణుకుతూ ఆ తండ్రీకొడుకులు ఏం తిన్నారో, ఎవరితో మాట్లాడుకున్నారో అని నాకు చాలాసేపు ఆలోచన పోయింది. ఆ గది ఇప్పటికీ ఆ ఇంట్లో అన్నిటికంటే అందమైనది. మాకే పేరు పుస్తకం మీద పడలేదు గానీ యూనిస్ పేరు ఆ ఇంటి చరిత్రలో నిలిచింది.

1847 జులై 25న గృహప్రవేశం. ఆరు వందలమందికి భోజనాలు. ఆ తర్వాత ఆ ఇంటికి తలుపులు వేసిన రోజు లేదు. తెలిసినవాడు, తెలియనివాడు, అప్పు అడగడానికి వచ్చినవాడు, అప్పు తీర్చమని వచ్చినవాడు, అందరూ తిని పోయేవాళ్ళే. కోతులు, చిలక, పిల్లి, ఆల్జీరియా నుంచి తెచ్చిన జుగుర్తా అనే రాబందు. రాసేవాడు ఒక్కడు, తినేవాళ్ళు వందమంది. ఆయనకు వండి పెట్టడమూ ఇష్టమే. కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి వంటింట్లోకి దూరేవాడని స్నేహితులు చెప్పుకునేవారు. సలాడ్ మాత్రం స్వయంగా కలపాల్సిందే. ఉడికించిన గుడ్డు పచ్చసొనలు నూనెలో మెత్తగా నూరి అందులో చేప ముక్కలు, ఊరగాయ దోసకాయలు వేసేవాడు.

అదే ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో సొంత నాటకశాల కూడా తెరిచాడు. సరిగ్గా ఏడాదికి, 1848 ఫిబ్రవరిలో విప్లవం వచ్చి రాజు పారిపోయాడు. వీధుల్లో కాల్పులు జరుగుతుంటే నాటకానికి ఎవడొస్తాడు? పత్రికల్లో సీరియళ్ళ స్థానం వార్తలు తీసుకున్నాయి. అప్పులవాళ్ళు ఇంటి మీద పడ్డారు. ముందు సామాను పోయింది. 1849లో ఇల్లు వేలానికి వచ్చింది. లక్షల ఫ్రాంకులు మింగిన ఇల్లు ముప్పై వేల చిల్లరకు పోయింది. గట్టిగా చూస్తే ఆయన అందులో ఉన్నది రెండేళ్ళు లేదు. మనవాళ్ళలో ఊళ్ళో రెండంతస్తుల డాబా కట్టి, ఏడాదికి నెల రోజులు మాత్రమే అందులో పడుకునేవాళ్ళు ఎంతమంది లేరు? నేను కట్టిన ఇంట్లో ఇప్పటిదాకా నేను మొత్తం నూటిరవై రోజులు ఉన్నాను. ఒకసారి లెక్కవేసుకున్నాను.

1850లో నాటకశాల దివాలా తీసింది. 1851 చివర్లో డ్యూమా బెల్జియం పోయాడు. కొత్త ప్రభుత్వం నచ్చక అని ఆయన చెప్పుకున్నా, అప్పులవాళ్ళ నుంచి తప్పించుకోవడమే అసలు కారణం. 1853లో తిరిగొచ్చి సొంత పత్రిక పెట్టాడు. అదీ నిలవలేదు.

ఊరూరా తిండి

తిరుగుడు మనిషి. ఎక్కడికెళ్ళినా ఏం తిన్నాడో రాసేవాడు. 1832లో స్విట్జర్లాండ్‌లో ఒక సత్రంలో ఎలుగుబంటి మాంసం తిన్నానని, ఆ ఎలుగుబంటి అంతకుముందే వేటగాణ్ణి తిన్నదని రాశాడు. అది చదివి వచ్చిన ప్రయాణికులంతా అదే కావాలని అడిగి ఆ సత్రం యజమానిని విసిగించారట. స్పెయిన్‌లో నూనె కంపు భరించలేక, నూనె, వెనిగర్ రెండూ లేకుండా సలాడ్ చేసుకున్నాడు. 1858, 59ల్లో రష్యా, కాకసస్ తిరిగి, ఊచకు గుచ్చి కాల్చే షష్లిక్ పద్ధతి రాసుకున్నాడు. మనం ఇక్కడ కబాబ్ అంటామే, దానికి దగ్గరి చుట్టం.

అన్నిటికంటే నాకు నచ్చింది పిజ్జా గురించి రాసింది. 1835లో నేపుల్స్ వెళ్ళాడు, 1843లో ఆ ప్రయాణం పుస్తకమైంది. అప్పటికి పిజ్జా నేపుల్స్ దాటలేదు. కూలివాళ్ళ తిండి. చలికాలంలో పిజ్జా, ఎండాకాలంలో పుచ్చకాయ, అదే అక్కడి పేదవాడి భోజనమని రాశాడు. నూనెతో, పంది కొవ్వుతో, జున్నుతో, టమాటాతో, చిన్న చేపలతో ఏది దేనితో చేస్తారో చెప్పాడు. చిల్లర పైసలకు ఒక మనిషి కడుపు నిండుతుందని, ఇంకాస్త పెడితే ఇంటిల్లిపాదికీ సరిపోతుందని లెక్క కూడా కట్టాడు. ఒక్క చోట మాత్రం పొరబడ్డాడు. అక్కడ ఎనిమిది రోజుల పిజ్జా అనే మాట ఉండేది. వారం కిందట కాల్చిన పిజ్జా అని ఆయన అనుకున్నాడు. నిజానికి ఇవాళ తిని ఎనిమిది రోజులకు డబ్బు కట్టే పిజ్జా అది. క్యాంపు పక్క బకాలాలో ఖాతా రాయించుకునే మనవాడెవడైనా అయితే ఒక్క ముక్కలో అర్థం చేసుకునేవాడు. జీవితాంతం అప్పు చేసినవాడికి అది తట్టకపోవడం చిత్రమే.

నేపుల్స్‌తో ఆయనకు ఇంకో లెక్క ఉంది. తండ్రిని చెరలో పెట్టింది ఆ రాజవంశమే. 1860లో గారిబాల్డి సిసిలీలో దిగి ఆ రాజ్యం మీదికి వస్తుంటే డ్యూమా తన పడవ వేసుకుని వెళ్ళి కలిశాడు. తూర్పు దేశాల ప్రయాణానికి దాచుకున్న డబ్బుతో మార్సెయ్‌లో తుపాకులు కొని తెచ్చిచ్చాడు. ఆ సెప్టెంబరులో నేపుల్స్ పడింది. గారిబాల్డి ఆయనకు అక్కడి మ్యూజియంలు, తవ్వకాల బాధ్యత ఇచ్చాడు. అక్కడే పత్రిక నడుపుతూ 1864 దాకా ఉన్నాడు. తండ్రి బాకీ అలా వసూలైంది, కానీ పైసా చేతికి రాలేదు.

రోస్కాఫ్ వేసవి

1869 వేసవి. వయసు అరవై ఏడు. ఒళ్ళు బరువెక్కింది, చేయి వణుకుతోంది. నవలలు మునుపటిలా అమ్ముడు కావడం లేదు. లెమెర్ అనే ప్రచురణకర్తతో వంట పుస్తకానికి ఒప్పందం చేసుకుని, వంటమనిషి మేరీని వెంటబెట్టుకుని బ్రిటనీ సముద్రతీరంలో రోస్కాఫ్ అనే రేవుకు వెళ్ళాడు. చేపలకు కొదవలేదు. మిగతావన్నీ కష్టమే. ఆర్టిచోక్ కాయలు తుపాకీ గుండ్లలా గట్టిగా ఉన్నాయి, చిక్కుళ్ళు నీళ్ళోడుతున్నాయి, మంచి వెన్న దొరకదు. మేరీ విసిగిపోయి పారిస్ వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఊళ్ళోవాళ్ళు పెట్టింది తింటూ రాస్తూనే ఉన్నాడు.

వందల పుస్తకాలు రాసిన తను చివరికి ఒక వంట పుస్తకంతో ముగించాలని ఎప్పటినుంచో అనుకున్నాడు. సరదాకు కాదు. అదే తన పేరు నిలబెడుతుందని నమ్మాడు. అక్షరక్రమంలో ఏర్చి కూర్చిన వేల వంటలు, మధ్యమధ్యన కథలు, చరిత్ర, గొప్పలు. ఏనుగు పాదం, కంగారూ, ఎలుగుబంటి పంజా ఎలా వండాలో కూడా ఉంది. బీదవాడి గుడ్డు వంటకాలూ ఉన్నాయి. వంటలన్నీ ఆయన కనిపెట్టినవి కావు. పాత పుస్తకాల నుంచి తీసుకున్నాడు, విల్మో అనే స్నేహితుడైన వంటమాస్టరు దగ్గర అడిగి రాసుకున్నాడు. ఆవాల పచ్చడి మీద పెద్ద వ్యాసం రాసి చివర్లో ఒక కంపెనీ సరుకే మంచిదన్నాడు, అది ప్రకటన అని చదివినవాడికి తెలిసిపోతుంది. కొలతలు చూసి వండాలంటే ఈ పుస్తకం పనికిరాదని వంటవాళ్ళే అంటారు. పక్కన కూర్చుని ఒక పెద్దాయన తిండి కబుర్లు చెబుతుంటే వినాలనిపించేవాళ్ళకు మాత్రం బాగుంటుంది.

1870 మార్చిలో రాతప్రతి అందించాడు. జులైలో ప్రష్యాతో యుద్ధం మొదలైంది. అచ్చు ఆగిపోయింది. పక్షవాతం వచ్చి ఆరోగ్యం చెడిపోయిన ఆయన ఆ శరత్కాలంలో దియెప్ దగ్గర సముద్రపు ఒడ్డున పుయ్ అనే చోట ఉన్న కొడుకు ఇంటికి చేరాడు. ఆ కొడుకు పేరు కూడా అలెగ్జాండర్ డ్యూమాయే. పెళ్ళి కాకుండా కుట్టుపని చేసే అమ్మాయికి పుట్టినవాడు. ఏడేళ్ళ వయసు వచ్చేదాకా తండ్రి చట్టపరంగా ఒప్పుకోలేదు. పెద్దవాడై తనూ పేరున్న రచయిత అయ్యాడు. తండ్రిలా కాక డబ్బు జాగ్రత్త చేసుకున్నాడు. అందుకే ఆ ముసలాయనకు చివర్లో ఒక చూరు దొరికింది.

ఆ ఇంట్లో మంచం పక్క బల్ల మీద ఒక బంగారు నాణెం పెట్టుకున్నాడట. పారిస్‌కు వచ్చిన రోజు నా దగ్గర ఉన్నది ఇంతే, ఇన్నేళ్ళకూ అది అలాగే ఉంది, నన్ను దుబారా మనిషంటారెందుకు అని కొడుకుతో నవ్వాడని చెబుతారు. 1870 డిసెంబరు 5న పోయాడు. ఫ్రాన్స్ ఓడిపోతున్న రోజులు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1872లో కొడుకు ఆయన దేహాన్ని సొంతూరికి తరలించి తల్లిదండ్రుల పక్కన పెట్టించాడు.

వంట నిఘంటువు 1873లో వచ్చింది. చివరి దిద్దుబాటు చూసినవాళ్ళలో అప్పటికి పేరులేని కుర్రాడు అనతోల్ ఫ్రాన్స్ ఒకడు. తర్వాత 1921లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1882లో దాన్నే కుదించి చిన్న పుస్తకంగా వేశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఏదో ఒక రూపంలో అచ్చవుతూనే ఉంది.

2002లో, పుట్టి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా, ఫ్రాన్స్ తన గొప్పవాళ్ళను పెట్టుకునే పాంథియన్‌కు ఆయన్ను మార్చారు. నవంబరు 30న రాత్రి శవపేటికను నీలి గుడ్డతో కప్పి మస్కిటీర్ వేషాలవాళ్ళు మోసుకెళ్ళారు. అప్పటి అధ్యక్షుడు షిరాక్ స్వయంగా ప్రసంగించి, ఆయన రంగును బట్టి జరిగిన అన్యాయం కూడా ప్రస్తావించాడు.

మాంటీ క్రిస్టో ఇల్లు చేతులు మారి మారి పాడుబడింది. ఒక దశలో పడగొట్టి ఆ స్థలంలో ఇళ్ళు కట్టబోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, డ్యూమా అభిమానులు అడ్డుపడి కాపాడారు. యూనిస్ తండ్రీకొడుకులు చెక్కిన గదికి 1985లో మొరాకో రాజు హసన్ తన డబ్బుతో మరమ్మతు చేయించాడు. ఇప్పుడది మ్యూజియం, టికెట్ కొని చూడొచ్చు. బంకమన్ను అని ఆర్కిటెక్ట్ భయపడ్డ నేల మీదే నూట డెబ్భై ఏళ్ళు దాటి నిలబడి ఉంది. నీటి మధ్య ఉన్న ఆ రాత గది గోడల మీద పుస్తకాల పేర్లు కూడా ఇంకా ఉన్నాయి. ఆ చెక్కడం 1847 నాటిది. వంట పుస్తకం పేరు అందులో లేదు.